పీరా సాబ్ పొరల నాజిల్

ఆదోనిలో డీజిలు పనులు చేసేవాళ్లకు కొదవ లేదు గానీ, అరిగిపోయిన నాజిల్‌కు మళ్లీ ప్రాణం పోసేవాడు మాత్రం పీరా సాబ్ ఒక్కడేనని చుట్టుపక్కల రైతులు అనుకునేవారు. పీరా సాబ్ కూడా అలాగే అనుకునేవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయిలింజనులో ఇంజెక్టర్ అని ఒకటుంటుంది. దాని కొసన వేలెడంత ఉక్కు ముక్క ఉంటుంది, అదే నాజిల్. పంపు తోసిన డీజిలు నాజిల్ మూతిలోని వెంట్రుకంత రంధ్రంలోంచి పొగమంచులా చిమ్మితేనే ఇంజను ఆడుతుంది. రంధ్రం అరిగి పెద్దదైందా, ఇంజను డీజిలు తాగి నల్లపొగ కక్కుతుందే తప్ప బావిలోంచి నీళ్లు తోడదు. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో అసలే డీజిలుకు కరువు. బంకుల ముందు డబ్బాలు వరుసగా పెట్టి రైతులు ఎండలో కూర్చునేవారు. మద్రాసు నుంచి రావలసిన కొత్త నాజిళ్లు వస్తాయో రావో ఎవరికీ తెలియదు.

అప్పుడు పుట్టింది పీరా సాబ్ బుర్రలో ఆ ఆలోచన. అరిగిన మూతిని కోసి పారేసి, కొత్త మూతి తనే కట్టాలి. గ్యాసు మంట కింద ఇత్తడి కడ్డీ కరిగించి ఆవగింజంత చుక్క వేసేవాడు. అది చల్లారాక ఆకురాయితో నునుపు చేసి, దాని మీద ఇంకో చుక్క, మళ్లీ నునుపు, మళ్లీ చుక్క. అలా పొర మీద పొర కట్టుకుంటూ పోయి, చివరికి గడియారాల పనివాడి దగ్గర తెచ్చుకున్న సన్నని డ్రిల్లుతో రంధ్రం చేసేవాడు. మామూలు నాజిల్ రంధ్రం కంటే సన్నగా ఉండాలని, దానికి తగ్గట్టు స్ప్రింగు బిగించి ఒత్తిడి పెంచాలని ఆయన లెక్క. సగం డీజిలుతో ఇంజను ఆడుతుందట. బజారులో అప్పుడే దానికి పొరల నాజిల్ అని పేరు కూడా పెట్టేశారు. ఇంకా ఒక్క ఇంజనుకైనా ఎక్కలేదు, పేరు మాత్రం ఎక్కింది.

ఆదోని డీజిలు అంగళ్లలో ఒక అలవాటు ఉండేది. ఇంజెక్టర్‌ను టెస్టింగ్ పంపుకు బిగించి లివరు నొక్కి, కాగితం మీద చిమ్మి చూపిస్తే ఏ రైతూ నమ్మడు. తన అరచెయ్యి మూరెడు దూరంలో పెట్టి, చల్లటి మంచు పడినట్టు ఉంటేనే డబ్బులు తీస్తాడు. ఊరికి పోయాక కూడా ఊళ్లోవాళ్లు మొదట అడిగేది అదే, చెయ్యి పెట్టి చూసుకొంటివా అని. అన్నం తినే చేతికి డీజిలు కంపు అంటకూడదు గనుక ఎడమ చెయ్యి చూపేవారు. కుడి చెయ్యి బల్ల మీద ఆనించుకునేవారు. ఇది తప్పుడు పద్ధతని పీరా సాబ్‌కు బాగా తెలుసు. ఆయనకు బళ్లారిలో పని నేర్పిన ఉస్తాదు ఎడమ చేత్తో అన్నం తినేవాడు. డీజిలు ధార తగిలి ఆయన కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. "తూటా తగిల్తే మనిషికి తెలుస్తాది బేటా, ఇది తగిల్తే తెలీదు" అని ఆ ఉస్తాదు చెప్పేవాడు. పీరా సాబ్ వినేవాడు, తలూపేవాడు. కానీ పక్క అంగడివాళ్లు చేతులు చూపించుకుంటుంటే తను ఒక్కడు వద్దంటే బేరం పోతుంది. మూరెడు దూరం ఉంటే ఏమీ కాదులే అని సర్దుకున్నాడు.

ఆ రోజు పొద్దున వచ్చినవాడు సీమోను. ఎమ్మిగనూరు దారిలో ఒక పల్లెలో ఇంకొకరి బావిపొలం, పంటలో వాటా ఇచ్చే లెక్కన, కోరుకు చేస్తున్నాడు. ఉల్లిగడ్డ మడి ఎండిపోతోంది, ఇంజను ఆడటం లేదు. పొరల నాజిల్ సంగతి విని, ఇంజెక్టర్ విప్పి పట్టుకుని ఆశగా వచ్చాడు. మనిషి మంచివాడు, మాటకారి.

"పీరన్నా, నీ నాజిల్ ఎక్కిచ్చినాక నా ఇంజను పొగ ఇడుస్తాదా?"

"పొగ కాదప్పా, ఊపిరి ఇడుస్తాది. సూడు."

పీరా సాబ్ ఆ ఇంజెక్టర్‌కు పొరల నాజిల్ పెట్టి టెస్టింగ్ పంపుకు బిగించాడు. సీమోను ఎడమ అరచెయ్యి దూరంగా పెట్టి, ముందుకు వంగి, కుడి చెయ్యి బల్ల అంచు మీద ఆనించాడు. చూపుడువేలు నాజిల్ పక్కనే, ఆనుకున్నంత దగ్గరగా ఉంది. పీరా సాబ్ చూపంతా మూతి మీదే. లివరు నొక్కాడు. ఎదురుగా మంచు చిమ్మింది గానీ అనుకున్నంత రాలేదు. ఎక్కడో బలం పోతోంది. సీమోను "స్స్" అన్నాడు. పీరా సాబ్ చూశాడు. వేలి మీద ముల్లు గుచ్చుకున్నట్టు ఎర్రటి చుక్క.

ఇక్కడ చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది, చెప్పడానికి నోరు రాని మాట. ఆ చుక్కను చూసి కూడా పీరా సాబ్ లివరు రెండోసారి నొక్కాడు. పొరల మధ్య ఎక్కడ కారుతోందో తెలుసుకోవాలన్న తపన. చెయ్యి తీయమని అనాలని ఆయనకు తట్టనే లేదు, నాజిల్ గురించే తట్టింది. రెండోసారి కనబడింది. పక్కన, రెండు పొరల అతుకు దగ్గర, సూదిమొనంత సందులోంచి కంటికి ఆననంత సన్నని ధార. అది నేరుగా సీమోను వేలిలోకి పోతోంది.

పీరా సాబ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. లివరు వదిలేశాడు. సీమోను వేలిని పంచెకు తుడుచుకుని, "చీమ కుట్టినట్టయింది, ఏం ల్యాదులే" అని నవ్వాడు.

అప్పుడు చెప్పాలి. అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. "గీసుకున్నట్టుంది" అన్నాడు పీరా సాబ్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. నాజిల్‌కు ఇంకా పదును కావాలని, వచ్చే సంతకు రమ్మని చెప్పి, పాతదే బిగించి పంపేశాడు. సీమోను మొహం వేలాడేసుకుని బస్టాండు వైపు నడిచాడు. కుడిచేతి వేలు చప్పరించుకుంటూ నడిచాడు.

మనిషి కనుమరుగయ్యాక భయం మొదలైంది. మొదట చిన్నగా. ఒక్క చుక్కే కదా, అంతలో ఏమవుతుంది అనుకున్నాడు. తర్వాత ఉస్తాదు మాటలు గుర్తొచ్చాయి. డీజిలు చర్మం కింద దారి చేసుకుని పోతుందట, కండను లోపల్లోపల కాలుస్తుందట, పైకి ఏమీ కనబడదట.  పోలీసులు గుర్తొచ్చారు. అంగడి మూతపడటం గుర్తొచ్చింది. పల్లెవాళ్లంతా కలిసి వచ్చి తనను రోడ్డు మీదకు ఈడ్చినట్టు కళ్లకు కట్టింది. సీమోను చెయ్యి గురించి అనుకునే ముందు ఇవన్నీ అనుకున్నాడు, అదీ మన పీరా సాబ్ సంగతి.

మధ్యాహ్నం భార్య హజరా బీ అన్నం తెచ్చి ముందు పెట్టింది. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చినవాడు ఆగిపోయాడు. తన కుడి చెయ్యి. అయిదు వేళ్లు, ఆ వేళ్లకు అంటిన పప్పు. ముద్ద జారి కంచంలో పడింది.

"ఏమైంది మీకు? మొహం తెల్లగా పాలిపోయింది" అంది హజరా బీ.

"ఒకాయనకు దెబ్బ తగిలింది. నాకు తెలిసీ పంపించేసినా."

ఆమె అడిగింది. "బతికుండాడా?"

"ఉండాడు."

"మరి ఈడ కూసోని ఏం సేస్తాండారు?" అని కంచం తీసేసింది.

పీరా సాబ్ చేతులైనా కడుక్కోకుండా బస్టాండుకు పరుగెత్తాడు. ఎమ్మిగనూరు బస్సు నిండా జనం, మెట్ల మీద నిలబడ్డాడు. డ్రైవరు ప్రతి పల్లెలో ఆపుతుంటే, పోనీయమని తలుపు మీద చరిచాడు. వేలు ఇప్పటికి ఎలా ఉంటుంది? ఉబ్బిందా? నల్లబడిందా? పోయేసరికి జ్వరంలో పడి ఉంటాడా? ఏమీ కాకుండా ఉంటే బాగుండు, నన్ను చూసి నవ్వితే బాగుండు అని దేవుణ్ని అడుక్కున్నాడు.

సీమోను నిజంగానే నవ్వాడు. ఇంటి ముందు నీడలో కూర్చుని ఉన్నాడు, వేలికి పసుపు, సున్నం కలిపిన కట్టు. "యాడికి వచ్చినావు పీరన్నా? నాజిల్ అప్పుడే పదునెక్కిందా?" అన్నాడు. ఆ నవ్వు చూసి పీరా సాబ్‌కు ఒక్క క్షణం ఏడుపొచ్చింది. కట్టు విప్పించి చూశాక ఆ ఏడుపు ఆగిపోయింది. వేలు గాలి నింపిన సైకిలు ట్యూబులా బిగుసుకుని ఉంది, రంగు పోయి పాలిపోయి ఉంది. నొక్కితే మనిషికి తెలియడం లేదు.

"నొప్పి ఉందా?"

"ల్యాదు. మొద్దుబారినట్టుండాది. పొద్దునకు తగ్గుతాదిలే."

"లేయప్పా. ఆస్పత్రికి పోదాం పా."

"నొప్పే ల్యాకపాయ, ఆస్పత్రి ఏంటికి? ఆ మడికి కడవలతోనన్నా నీళ్లు పొయ్యల్ల."

"నొప్పి ల్యాకపోవడమే చెడ్డదప్పా! డీజిలు లోపలికి పోయింటే సెయ్యే పోతాది. మా ఉస్తాదుకు పోయింది, నా కళ్లతో సూసినా. నీ కాళ్లు పట్టుకొంటా, లెయ్యి."

సీమోను భార్య ఉచ్చీరమ్మ లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గానీ, మాట్లాడేవాళ్ల మొహాలు చదివే మనిషి. "అన్నా, పోయింటే అంటాండావు. పోయిందా, పోలేదా? నువ్వు సూసినావా?" అంది.

ఆమె కళ్లు సూటిగా ఆయన మీదే ఉన్నాయి. వాకిట్లో ఎవరో కట్టెలు కొడుతున్నారు.  "సూడల్యాదమ్మా. ఈయన పోయినాక అనుమానం వచ్చింది" అన్నాడు పీరా సాబ్.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యం.  "వట్టి అనుమానానికి ఆదోని నుంచి ఇంతదూరం ఎవురూ రారు. లెయ్యి, పోదాం" అని ఉచ్చీరమ్మ మొగుడి రెక్క పట్టుకుని లేపింది.

రోడ్డు మీద బస్సు దొరకలేదు. ఆదోని నుంచి వస్తున్న పత్తి లారీ ఒకటి ఆగింది. ముగ్గురూ బేళ్ల మీద కూర్చున్నారు. సగం దారిలో నొప్పి మొదలైంది. సీమోను ముందు పళ్లు బిగపట్టాడు, తర్వాత మూలిగాడు, తర్వాత "అయ్యో యేసయ్యా, మంట, మంట" అంటూ చేతిని ఒళ్లో పెట్టుకుని ఊగడం మొదలుపెట్టాడు. అరచెయ్యి కూడా ఉబ్బుతోంది. పీరా సాబ్ ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. వాపు మణికట్టు దాటుతుందేమోనని కళ్లార్పకుండా చూశాడు. లారీ కుదుపుకు సీమోను ఆయన భుజం మీద పడి, "నువ్వు రాకపోయింటే నేను పట్టిచ్చుకొనేవాణ్నే కాదన్నా. దేవుడు పంపించినట్టు వచ్చినావు" అన్నాడు. ఆ మాట పీరా సాబ్ గుండెల్లో దిగబడింది. లారీ మీద నుంచి దూకేద్దామనిపించింది.

ఎమ్మిగనూరులో కృపానందం అనే డాక్టరు చిన్న ఆస్పత్రి నడుపుతున్నాడు. కోతలు, కుట్లు కూడా అక్కడే చేస్తాడు. డీజిలు పంపు అన్న మాట చెవిన పడగానే వరుసలో ఉన్నవాళ్లను ఆపి సీమోనును లోపలికి తీసుకుపోయాడు. దీపం దగ్గర చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇలాంటిది చదువుకునే రోజుల్లో ఒకటి చూశానని, వట్టిగా పైన చిందినదానికీ ఒత్తిడితో లోపలికి దూసుకుపోయినదానికీ చాలా తేడా ఉందని అన్నాడు. తర్వాత పీరా సాబ్ వైపు తిరిగాడు.

"పంపు నీదే కదా? దూరం నుంచి చిమ్మితే పైచర్మమే చెడిపోతుంది, వేలు ఒక్కటే కోసి కడిగి రేపటిదాకా చూస్తాను. అనవసరంగా అరచెయ్యి చీల్చితే కూలి చేసుకునేవాడికి పట్టు పోతుంది. అదే ఆనుకుని చిమ్మి ఉంటే, డీజిలు ఇప్పటికి అరచెయ్యి దాటుతూ ఉంటుంది. మణికట్టు దాకా తెరవాలి, ఇప్పుడే తెరవాలి. ఎంత దూరం నుంచి తగిలింది? ఎంత పోయింది?"

"ఆయన సూడల్యాదంట సార్" అన్నాడు సీమోను, పాపం, ఆయన తరఫున.

  చూడలేదు అన్న ఒక్క మాట మీద నిలబడితే చాలు, ఎవరూ ఏమీ అనరు. డాక్టరు వేలు కడుగుతాడు, పొద్దున దాకా చూద్దామంటాడు. పొద్దునకు ఆ చెయ్యి ఏమవుతుందో ఈ గదిలో పీరా సాబ్ ఒక్కడికే తెలుసు. భయం ఇటువైపూ ఉంది, అటువైపూ ఉంది. రెండు భయాల మధ్య మనిషి నలిగిపోయాడు. ఎవరో తన నోరు బలవంతంగా తెరిచినట్టు మాట బయటికొచ్చింది.

"సూసినా సార్."

సీమోను తలెత్తాడు.

"ఆనుకొనే ఉండె. నేను పొరలు కట్టిన నాజిల్, పక్కన అతుకు ఇడిసింది. ధార వేలి లోపలికే పోయింది. ఒకసారి కాదు సార్, రెండుసార్లు. నెత్తురు చుక్క సూసి కూడా రెండోసారి నొక్కినా. యాడ కారుతాందో సూద్దామని నొక్కినా."

 డాక్టరు చేతులు కడుక్కోవడానికి లేచాడు. "మణికట్టు దాకా తెరుస్తాను" అని నర్సుతో చెప్పి, భుజం దగ్గర మత్తుసూదికి సిద్ధం చేయమన్నాడు.

సీమోను మాత్రం పీరా సాబ్‌నే చూస్తున్నాడు. నొప్పితో చెమటలు కారుతున్నా చూపు తిప్పలేదు. "పొద్దున నేను బస్సెక్కేటప్పుడు నీకు తెల్సు" అన్నాడు.

"తెల్సు."

"లారీ మీద నేను దేవుడు పంపించినాడంటే ఊరికే కూసున్నావు."

 నర్సు పీరా సాబ్‌ను బయటికి పొమ్మంది.

బయట వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. తలుపు మూసే ఉంది గానీ కింది సందులోంచి కొంతసేపటికి ఒక వాసన వచ్చింది. డీజిలు వాసన. ఇన్నేళ్లుగా ఆ వాసనలోనే బతికినవాడు, అది ఒక వాసనని ఏనాడో మరిచిపోయినవాడు, ఇప్పుడది మనిషి ఒంట్లోంచి వస్తుంటే చొక్కా అంచు నోట్లో కుక్కుకున్నాడు. లోపల ఏదో ఇనుప పళ్లెంలో పడిన చప్పుడైంది. నీళ్లు పోసి కడుగుతున్న చప్పుడు ఆగకుండా వినబడింది. పీరా సాబ్ కళ్లు మూసుకున్నాడు, వచ్చిన దువాలన్నీ చదివాడు, మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాడు.

పొద్దు వాలుతుండగా తలుపు తెరుచుకుంది. డాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. డీజిలు అరచెయ్యంతా పాకి మణికట్టు అంచు దాకా వచ్చిందట. అంతా కడిగేశాడు. చెయ్యి నిలబడుతుంది. చూపుడువేలు మాత్రం లోపల చచ్చిపోయి ఉంది, తీసేయక తప్పలేదు. "నువ్వు చెప్పకపోయి ఉంటే అరచేతి జోలికి పోయేవాణ్ని కాదు. రేపటికి చెయ్యే తీయాల్సి వచ్చేది" అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

చెయ్యి నిలబడింది. పీరా సాబ్‌కు పొద్దుటి నుంచి బిగపట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. గోడ పట్టుకుని లేచాడు. తను నోరు తెరిచినందుకే ఒక మనిషి చెయ్యి మిగిలిందని, తను అంత చెడ్డవాడు కాడేమోనని కొద్దిగా, ఎవరికీ కనబడనంతగా, సంతోషపడ్డాడు కూడా.

ఉచ్చీరమ్మ బయటికొచ్చింది. చెంగు నిండా నెత్తుటి మరకలు. తిడుతుందనుకున్నాడు, కొట్టినా పడదామనుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఆరిపోయి ఉన్నాయి. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అన్నా, పొద్దున ఆ చుక్క సూసినప్పుడే ఈ మాట సెప్పింటే, వేలు కూడా ఉండు గదా?"

"ఉండునమ్మా" అన్నాడు పీరా సాబ్.